బ్యాంకాక్‌లో ఊరివాళ్లు కొనే చోటే మనమూ కొందాం

బ్యాంకాక్ వెళ్లేవాళ్లు ఏమైనా అడగాలనుకుంటే రాయండి అని పోయిన సంచికలో అన్నాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం షాపింగ్ గురించే. మావారి ఉద్యోగం వల్ల ఏడేళ్లు అక్కడ కాపురం చేశాను, కూరగాయల దగ్గర్నుంచి పిల్లల యూనిఫాం గుడ్డ దాకా అక్కడి బజార్లలోనే కొన్నాను, అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. ఫలానా వస్తువు ఇంత అని ధరలు రాయడం లేదు, మీరు వెళ్లేసరికి అవి మారిపోతాయి. ఏ బజారుకి ఏ రోజు, ఏ వేళకి వెళ్లాలి, వెళ్లాక ఎలా మసలుకోవాలి అన్నవే చెబుతాను. డబ్బు మిగిలేది అక్కడే.

ప్రశ్న: మేం రెండు కుటుంబాలు, మొత్తం ఎనిమిది మందిమి, సంక్రాంతి సెలవుల్లో ఐదు రోజులు వెళ్తున్నాం. టూర్ వాళ్లు ఇచ్చిన కాగితంలో షాపింగ్ అంటే రెండు పెద్ద మాల్స్, ఒక రత్నాల షాపు ఉన్నాయి. అక్కడి మామూలు జనం బట్టలు ఎక్కడ కొంటారు? మాకు అదే కావాలి. (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు ఆ రత్నాల షాపు కొట్టేయమని టూర్ వాళ్లకి చెప్పండమ్మా. బస్సు తీసుకెళ్లి ఆపిన ప్రతి షాపు వెనకా కమిషన్ ఉంటుంది, ఆ కమిషన్ మీ బిల్లులోనే కలుస్తుంది. ఆ పూట మిగిలించుకుని ప్రతునామ్ వెళ్లండి.

మీ వన్‌టౌన్‌లో వస్త్రలత మీరు చూసే ఉంటారు కదా, వరసగా చిన్న చిన్న షాపులు, గుమ్మం దాకా కట్టలు, కొనేవాళ్లలో సగం మంది మళ్లీ అమ్ముకునేవాళ్లు. ప్రతునామ్ కూడా అంతే, కాకపోతే వీధులకి వీధులే. థాయ్‌లాండ్ జిల్లాల నుంచి చిన్న షాపులవాళ్లు సరుకు పట్టుకెళ్లేది ఇక్కణ్నుంచే. ఎయిర్‌పోర్ట్ రైలు ఎక్కితే రాచప్రారోప్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లిపోవచ్చు. అక్కడే ప్లాటినం ఫ్యాషన్ మాల్ అని ఏసీ భవనం ఉంది, లోపల వందల కొద్దీ బుల్లి షాపులు. పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్నారు కాబట్టి మీరు ఎండలో వీధులు తిరిగే కన్నా అందులోకి వెళ్లడమే మంచిది.

అక్కడ లెక్క ఎలాగంటే, ఒక్కటి తీసుకుంటే ఒక ధర, మూడు తీసుకుంటే ఒక్కోదానికి ఇంకో ధర, ఇది తక్కువ. చాలా షాపుల్లో రెండు ధరలూ అట్ట మీద రాసే ఉంచుతారు. మూడూ ఒకే రకం కానక్కర్లేదు, ఆ షాపులో ఏవైనా మూడు అయితే చాలు అనేవాళ్లే ఎక్కువ. మీరు ఎనిమిది మంది విడివిడిగా తిరిగి తలా ఒకటి కొంటే నష్టం, వదినా మరదళ్లు కలిసి ఒకే షాపులో మూడో ఆరో తీసుకుంటే హోల్‌సేల్ ధర పడుతుంది. నచ్చిన షాపు కార్డు అప్పుడే తీసుకోండి, లేదా షాపు నంబరు ఫోటో తీసుకోండి, తర్వాత వద్దాంలే అనుకుంటే ఆ వరసల్లో మళ్లీ దొరకదు, నాకు చాలాసార్లు దొరకలేదు.

సైజుల సంగతి మాత్రం జాగ్రత్త. వేసుకుని చూడ్డానికి చాలా చోట్ల ఒప్పుకోరు. ఫ్రీ సైజ్ అని ఉన్నవి అక్కడి సన్నటి అమ్మాయిల కొలత. మొదటి ఏడాది మా అమ్మకీ అత్తగారికీ ఫ్రీ సైజ్ టాప్‌లు ఆరు కొని పంపాను, ఇద్దరికీ భుజాల దగ్గరే ఆగిపోయాయి, మళ్లీ మార్చుకునే వీలు లేదు. అప్పట్నుంచి నా బ్యాగులో టైలర్ టేపు ఉండేది. ఇంటి దగ్గర అందరి ఛాతీ, నడుము, భుజం కొలతలు ఇంచీల్లో రాసుకుని టేపుతో సహా వెళ్లండి. షాపులో టేపు తీసి కొలుస్తుంటే ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్లే పట్టుకుని సాయం చేస్తారు.

ఇంకా చవకగా, ఇంకా లోకల్‌గా కావాలంటే బోబే. అది పక్కా హోల్‌సేల్, డజన్ల లెక్క, పిల్లల బట్టలూ నైట్ డ్రెస్సులూ ఎక్కువ. ప్రతునామ్ పక్కనే సేన్ సేప్ కాలువ ఉంటుంది, అందులో ఆఫీసులకి వెళ్లే జనం ఎక్కే పడవలు తిరుగుతాయి, ఆ పడవెక్కితే బోబే రేవులో దింపుతుంది. టికెట్ చాలా తక్కువ. ఒడ్డుకి ఆనీ ఆనగానే ఎక్కాలి, దిగాలి, వాళ్లు ఎక్కువసేపు ఆపరు, కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ఎక్కించకండి. నీళ్లు చిమ్ముతాయి, పక్కనున్న పట్టాని తాడుతో పైకి లాగాలి, పక్కవాళ్లని చూసి మీరూ లాగండి.

మీ ఐదు రోజుల్లో శనివారమో ఆదివారమో కలిస్తే చతుచక్ సంత వదలొద్దు. సంత అన్నాను కానీ అది 27 సెక్షన్లున్న ఒక ఊరు. వారాంతంలోనే పూర్తిగా తెరుస్తారు, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా. బ్యాంకాక్ కుర్రాళ్లు పాత జీన్సులకీ, కొత్తగా కాపురం పెట్టినవాళ్లు పింగాణీ గిన్నెలకీ, దీపాలకీ, మిగతావాళ్లు ఊరికే తిరగడానికీ వస్తారు. మోచిట్ స్టేషన్‌లో దిగమని అందరూ చెబుతారు, మెట్రోలో కాంఫేంగ్ ఫెత్ స్టేషన్ దాకా వెళ్లి రెండో గేటు నుంచి బయటికి రండి, నేరుగా సంతలోకే తేలతారు. తొమ్మిదింటికే వెళ్లి పన్నెండింటికల్లా బయటపడండి, మధ్యాహ్నం ఆ రేకుల కింద ఉడికిపోతారు. మధ్యలో గడియార స్తంభం ఉంది, తప్పిపోతే అక్కడ కలుద్దాం అని పిల్లలకి లోపలికి వెళ్లకముందే చెప్పండి.

ప్రశ్న: నాకు చిన్న బొటిక్ ఉంది, మగ్గం వర్క్ బ్లౌజులు చేయిస్తాను. లేసులు, పూసలు, స్టోన్లు బ్యాంకాక్‌లో చాలా రకాలు దొరుకుతాయంటున్నారు. ఒక్కదాన్నే వెళ్దామనుకుంటున్నాను, ఎక్కడికి వెళ్లాలి? (గుంటూరు)

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే మీరు వెళ్లాల్సిన సాంపెంగ్ సందు నాకు ఆ ఊళ్లో అన్నిటికంటే ఇష్టమైన చోటు. 1782లో మొదటి రామ రాజు బ్యాంకాక్‌ని రాజధాని చేసుకుని కోట కట్టుకునేటప్పుడు, ఆ స్థలంలో ఉన్న చైనా వర్తకుల్ని ఇక్కడికి మార్చాడు. అప్పటి నుంచీ వాళ్లు ఇక్కడ వ్యాపారం చేస్తూనే ఉన్నారు. సందు ఎంత వెడల్పంటే ఇద్దరు ముగ్గురు పక్కపక్కన నడవగలరు, అందులోనే సరుకు తోపుడు బండ్లు, మోటారు సైకిళ్లు కూడా వస్తాయి. వెనక నుంచి కేక వినిపిస్తే షాపు వైపు ఒదిగి నిలబడండి.

మెట్రోలో వాట్ మంగ్‌కాన్ స్టేషన్‌లో దిగండి, చైనాటౌన్ పెద్ద వీధి అయిన యావరాత్ రోడ్డు దాటి సాంపెంగ్‌లోకి దూరండి, ఆ సందు పట్టుకుని చివరిదాకా నడిస్తే ఫాహురత్ వస్తుంది, వెనక్కి రావడానికి సామ్ యోత్ స్టేషన్ అక్కడే. ఒకే రోజులో రెండూ అయిపోతాయి. సాంపెంగ్‌లో గుండీలు, లేసులు, రిబ్బన్లు, పూసలు, అద్దాలు, రాళ్లు, గిఫ్ట్ బాక్సులు, జడపిన్నులు ఒక్కో షాపులో గోడంతా నిండి ఉంటాయి. డజను, ప్యాకెట్, కిలో లెక్కన అమ్ముతారు. సాయంత్రం ఐదు దాటితే షట్టర్లు దించేయడం మొదలుపెడతారు, మీరు ఉదయం తొమ్మిదికే అక్కడుండాలి.

ఫాహురత్‌లో గుడ్డలు. చులాలాంగ్‌కార్న్ రాజు, చిన్నప్పుడే పోయిన తన కూతురి జ్ఞాపకంగా ఆ రోడ్డుకి ఆమె పేరు పెట్టాడు. పంజాబ్ నుంచి వెళ్లిన సిక్కు కుటుంబాలు అక్కడ తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్నాయి, కాబట్టి హిందీ వస్తే మీకు భాష బెంగ లేదు. సిల్కు, నెట్, లేసు గుడ్డ, థాయ్ నాట్యం వేషాలకి వాడే మెరుపు గుడ్డలు, పెళ్లి చీరలు అన్నీ ఉంటాయి. చాలా షాపుల్లో మీటరు కాదు, గజం లెక్క. గజం అంటే మూడడుగులు, మీటరుకి దాదాపు మూడున్నర అంగుళాలు తక్కువ. ధర అడిగేటప్పుడే గజానికా మీటరుకా అని తేల్చుకోండి, లేకపోతే ఇంటికొచ్చి కోసేటప్పుడు గుడ్డ చాలదు.

ఇంకో మాట. సొంతానికి కాక అమ్మకానికి తెచ్చే సరుకుని మన కస్టమ్స్‌వాళ్లు సూట్‌కేసు సామానుగా ఒప్పుకోరు. నాలుగు రకాల శాంపిళ్లు చేతిలో తెచ్చుకోండి, అవి ఇక్కడ మీ కస్టమర్లకి నచ్చితే, ఎక్కువ సరుకు బిల్లులతో సహా కార్గోలో వేయించుకోండి. ప్రతునామ్ చుట్టుపక్కల ఇండియాకి సరుకు పంపే కార్గో ఆఫీసులు చాలానే ఉన్నాయి, రేటు రెండు మూడు చోట్ల అడగండి. ఆడవాళ్లు ఒంటరిగా ఆ బజార్లలో తిరగడానికి భయపడాల్సిన పని లేదు, నేను ఏడేళ్లూ ఒక్కదాన్నే తిరిగాను, అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే.

ప్రశ్న: అక్కడ సగానికి సగం తగ్గించి అడగాలంటారు, నిజమేనా? భాష రాకుండా బేరం ఎలా? (కరీంనగర్)

జవాబు: నిజం కాదు. ఈ మాట మనవాళ్లలో ఎవరు మొదలుపెట్టారో గానీ, దానివల్ల మనకి అక్కడ చెడ్డ పేరు వచ్చింది, అది నాకు నిజంగా బాధ. చతుచక్‌లో చెప్పిన ధర మీద నూటికి పదో ఇరవయ్యో తగ్గొచ్చు. ప్లాటినంలో మూడు కొంటే తగ్గేదే తగ్గింపు, ఆపైన పెద్దగా ఉండదు. మాల్‌లోనూ తిండి బండి దగ్గరా బేరమే లేదు. రెండొందల బాత్‌ల చొక్కాని యాభైకి అడిగితే ఆవిడ కోప్పడదు, నవ్వేసి మొహం తిప్పుకుంటుంది, ఇక మీతో వ్యాపారం చేయదు.

బేరానికి కావలసినవి రెండు మూడు మాటలు. "తావ్ రై" అంటే ఎంత అని. "లొత్ దాయ్ మై" అంటే తగ్గిస్తారా అని. ప్రతి మాట చివరా ఆడవాళ్లయితే "ఖా" అని, మగవాళ్లయితే "ఖ్రాప్" అని చేర్చాలి, మనం అండీ అన్నట్టు. అది లేకుండా మాట్లాడితే మొరటుగా వినిపిస్తుంది. ఇంకో సంగతి వింటే మీకు అచ్చం మన ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది, వాళ్లు కూడా అమ్మేవాళ్లని వరసపెట్టి పిలుస్తారు. మనకంటే కాస్త పెద్దావిడైతే "ఫీ", అంటే అక్క, మగవాళ్లకి అన్నయ్య కూడా అదే. బాగా పెద్దావిడైతే "పా", అది పెద్దమ్మ వరస. పెద్దాయన "లుంగ్", పెదనాన్న. చిన్నపిల్లయితే "నోంగ్". "ఫీ, లొత్ దాయ్ మై ఖా" అని నవ్వుతూ మెల్లగా అడగండి, కాలిక్యులేటర్ మీద నొక్కి చూపిస్తుంది, మీకు తోచింది మీరు నొక్కండి. ఆవిడ ఒప్పుకున్నాక కొనకుండా వెళ్లడం మాత్రం చేయొద్దు, అది ఎక్కడైనా తప్పే.

బోణీ నమ్మకం వాళ్లకీ ఉంది. పొద్దున్నే మొదటి అమ్మకం అవగానే ఆ నోట్లతో షాపులో సరుకంతా ఒకసారి తట్టుకుంటారు. మన కిరాణా కొట్టాయన బోణీ డబ్బులు కళ్లకద్దుకోవడం గుర్తొచ్చి మొదటిసారి చూసినప్పుడు నేను అక్కడే నిలబడిపోయాను. ఆ వేళకి వెళ్తే రేటు కొంచెం మెత్తబడుతుంది, కానీ బోణీ బేరం అడిగి వదిలేసి రాకూడదు కదా.

చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. అక్కడివాళ్లు ఫోన్‌లో క్యూఆర్ కొట్టేస్తారు, మనకి బజార్లో నగదే దారి.

ప్రశ్న: చైనాటౌన్‌లో బంగారం మనకంటే స్వచ్ఛంగా ఉంటుందట. అమ్మాయి పెళ్లికి గొలుసు కొనొచ్చా? (భీమవరం)

జవాబు: స్వచ్ఛత మాట నిజమే. యావరాత్‌లో ఎర్ర రంగు గోడల బంగారు షాపులు వరసగా ఉంటాయి, వాళ్ల నగ 96.5 శాతం బంగారం, మన 22 క్యారెట్ 91.6. తూకాన్ని కూడా బాత్ అనే అంటారు, ఒక బాత్ నగ అంటే దాదాపు 15.2 గ్రాములు, డబ్బు బాత్‌తో కలిపేసుకుని కంగారు పడొద్దు. తరుగు అని శాతం లెక్కన వేయరు, నగకి ఇంత అని మజూరీ తీసుకుంటారు, ఆ రోజు రేటు బోర్డు మీద ఉంటుంది. ఇవన్నీ బాగానే ఉన్నాయి, అయినా నేను కొనమని చెప్పను. విదేశంలో ఏడాదికి పైగా ఉండి వచ్చేవాళ్లకి ఉండే నగల మినహాయింపు వారం తిరిగొచ్చేవాళ్లకి వర్తించదు, సుంకం కట్టాలి, రూపాయల్ని బాత్‌లుగా మార్చుకోవడంలో కొంత పోతుంది, అంత మెత్తటి బంగారం గొలుసు రోజూ వేసుకుంటే సాగుతుంది కూడా. భీమవరంలో మీకు తెలిసిన కంసాలి దగ్గరే చేయించండి. యావరాత్ వీధి రాత్రిపూట తిరిగి చూడండి, దీపాలతో భలే ఉంటుంది.

ప్రశ్న: గుడి దగ్గర ఒక ఆటో అతను ఈ రోజు రాజ మందిరం మూసేశారని చెప్పి మమ్మల్ని నగల షాపుకి తీసుకెళ్లాడు, కొననందుకు వాళ్లు చాలా చిన్నబుచ్చి మాట్లాడారు. ఇదేమైనా మోసమా? (హైదరాబాద్)

జవాబు: అవునండీ, చాలా పాత మోసం. కొనకుండా బయటపడ్డారు, అదే గెలుపు. రాజ కుటుంబ కార్యక్రమాలున్న కొద్ది రోజులు తప్పితే గ్రాండ్ ప్యాలెస్ రోజూ తెరిచే ఉంటుంది, మూసేశారో లేదో టికెట్ కిటికీ దగ్గర తెలుసుకోవాలి, రోడ్డు మీద చక్కగా బట్టలు వేసుకున్న మనిషి చెప్పినా సరే నమ్మకూడదు. ఎక్కడెక్కడో తిప్పి తెస్తాను, ఇరవై బాత్‌లిస్తే చాలు అన్న టుక్‌టుక్ ఎక్కొద్దు. ఏదైనా ఇబ్బంది వస్తే టూరిస్ట్ పోలీసుల నంబరు 1155.

గ్రాండ్ ప్యాలెస్ దగ్గర్నుంచి నిజమైన బజారు చూడాలంటే నది దాటండి, పడవలో కొన్ని నిమిషాలు. అవతలి ఒడ్డున వాంగ్ లాంగ్ బజారు. పక్కనే సిరిరాజ్ ఆసుపత్రి ఉంది కాబట్టి నర్సులు, మెడికల్ విద్యార్థులు, రోగుల తాలూకు బంధువులు కొనే చోటు. చెప్పులు, చొక్కాలు, సెకండ్ హ్యాండ్ బ్యాగులు, మధ్యమధ్యలో తిండి. అక్కడ మిమ్మల్ని ఎవరూ పిలవరు, ఎవరూ వెంటపడరు.

ప్రశ్న: అమ్మ శాకాహారి, బజార్లలో ఆవిడకేం పెట్టాలి? (తెనాలి)

జవాబు: చేపల సాస్ లేని వంట అక్కడ తక్కువ. పసుపు జెండా మీద ఎర్రటి "జే" అక్షరం ఉన్న బండి కోసం చూడండి, అది పూర్తి శాకాహారం, వెల్లుల్లి కూడా ఉండదు. ఫోన్‌లో ఆ అక్షరం బొమ్మ దాచుకోండి. ఫాహురత్‌లో బంగారు గోపురం ఉన్న గురుద్వారాలో ఉదయంపూట లంగర్, అంటే అందరికీ ఉచిత భోజనం, ఉంటుంది, తలకి కొంగు కప్పుకుని వెళ్లండి, ఎంత ప్రేమగా వడ్డిస్తారో. అమ్మకి సీతాఫలం, తీపి చింతకాయ, మంగుస్తాన్ లాంటి పళ్లు వాటి వాటి కాలంలో ఏ బజార్లో అయినా దొరుకుతాయి. మంచి రకం పళ్లకి చతుచక్ ఎదురుగా ఓర్ టోర్ కోర్ బజారు ఉంది, ధర ఎక్కువే కానీ ఒక్క కుళ్లు కాయ ఉండదు.

ప్రశ్న: చతుచక్‌లో మొక్కలు, బుద్ధుడి విగ్రహాలు తెచ్చుకోవచ్చా? (విశాఖపట్నం)

జవాబు: మొక్కలు వద్దు. బుధ, గురువారాల్లో అక్కడ మొక్కల సంత జరుగుతుంది, చూస్తే మనసాగదు, కానీ పర్మిట్, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్క గానీ విత్తనం గానీ మన దేశంలోకి తేకూడదు. బుద్ధ విగ్రహాలు బయటికి తేవాలంటే అక్కడి లలిత కళల శాఖ అనుమతి ఉండాలి. అలంకారానికి బుద్ధుడి తల కొనడం వాళ్లకి నిజంగా మనసు నొప్పించే పని, మన దేవుడి తల ఒకటే ఎవరో టీవీ పక్కన పెట్టుకుంటే మనకెలా ఉంటుంది?

ప్రశ్న: ఆఫీసు పని మీద వెళ్తున్నాను, తిరుగు ప్రయాణం రోజు తెల్లవారుజామున మూడు గంటలే ఖాళీ. ఏ బజారు? (నెల్లూరు)

జవాబు: పాక్ ఖ్లాంగ్ తలాత్, పూల బజారు. రాత్రంతా తెరిచే ఉంటుంది, తెల్లవారేలోపు లారీలు దిగుతాయి. బంతిపూలు బస్తాల్లో, తామర మొగ్గలు కట్టల్లో, మల్లెమొగ్గలు ప్లాస్టిక్ సంచుల్లో ఐసు ముక్కల మధ్య. గుడిలో ఇవ్వడానికి, కారు అద్దానికి కట్టడానికి మాలలు అక్కడే కూర్చుని కడుతుంటారు, దాన్ని "మాలై" అంటారు, మన మాలే. ఆ వేళకి మెట్రో ఉండదు, మీటరు వేసే ట్యాక్సీలో వెళ్లి, వెలుతురు వచ్చాక సనామ్ చాయ్ స్టేషన్ నుంచి వెనక్కి రండి. ఒక మల్లె మాలై కొని దారంతా చేతికి చుట్టుకోండి, ఎయిర్‌పోర్ట్‌లో దిగే ముందు ట్యాక్సీ అతనికి ఇచ్చేయండి, అద్దానికి కట్టుకుంటాడు.